పనిముట్టుకు పేరు పెట్టేదెవరు?

"పేరులో యేముంది?" అనే ప్రశ్నను మనవాళ్ళు వేసినంత ధీమాగా మరెవరూ వేయరనుకుంటాను. పేర్ల చివర కులం తోకలు వుండాలా వద్దా అని రెండేసి గంటలు వాదించుకోగల మిత్రులే, వొక సాఫ్ట్‌వేర్ పనిముట్టుకు యేం పేరు పెడదామని అడిగితే మాత్రం, "అది ఇంజనీర్ల గొడవ, మనకంతకంటే ముఖ్యమైన సమస్యలున్నాయి" అని లేచిపోతారు. వారి తర్కం యిది: పేరు ఉపరితలానికి చెందింది, పునాది మారితే పేర్లు వాటంతటవే మారతాయి, కాబట్టి పేర్ల గురించి తర్జనభర్జన పడటం భావవాదం. దీన్ని భౌతికవాదమని వారు అనుకుంటున్నారు. బద్ధకానికి భౌతికవాదమని పేరు పెట్టారని నేనంటాను. పేర్ల విషయంలో యెంత అజాగ్రత్తగా వున్నామో చెప్పడానికి యిదే మొదటి ఉదాహరణ.

వారికి నచ్చే ఉదాహరణతోనే మొదలుపెడతాను. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన నాటకం 'మాభూమి'. ప్రజానాట్యమండలి దాన్ని ప్రజల్లోకి తీసుకుపోయింది. తెలుగులో 'మన' వేరు, 'మా' వేరు అని మనం తరగతిలో పాఠం చెబుతాం. వినేవాణ్ణి కలుపుకుంటే 'మన', వినేవాణ్ణి మినహాయిస్తే 'మా'. రైతు 'మాభూమి' అన్నప్పుడు యెదుట నిలబడ్డ దేశముఖు ఆ 'మా'లో లేడు. ఆ పేరు పదునంతా అక్షరంలో వుంది. కొన్ని దశాబ్దాలు గడిచాక తెలంగాణ ప్రభుత్వం భూరికార్డుల వెబ్‌సైటుకు 'మాభూమి' అనే పెట్టింది. యిక్కడ 'మా' అంటున్నదెవరు? వెబ్‌సైటు ప్రభుత్వం గొంతుతో మాట్లాడుతుంది గనుక 'మా' అంటే రెవిన్యూ శాఖే కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2015లో వచ్చిన దాని పేరు 'మీభూమి'. యిది కాస్త మర్యాదగా కనిపిస్తుంది, కాని ఆ 'మీ' అనే పిలుపు అందాలంటే చేతిలో పట్టా వుండాలి. కౌలుదారు ఆ తెర ముందు కూర్చుంటే అతన్ని 'మీరు' అనేవారెవరూ లేరు.

2020 అక్టోబరులో తెలంగాణలో 'ధరణి' వచ్చింది. యెంత చక్కని పేరు! ధరించేది ధరణి; అందర్నీ మోసేది. కాని పాత పహాణీలో పట్టాదారు పక్కన అనుభవదారుకు వొక గడి వుండేది. భూమి యెవరి పేరిట వున్నా దున్నుతున్నదెవరో ఆ గడి చెప్పేది. ధరణిలో ఆ గడి లేదు. దున్నేవాణ్ణి మోయని నేలకు ధరణి అని పేరు! పేరు ఉపరితలం, గడి పునాది అని మిత్రులు అంటారేమో. కాని పేరుకున్న గాంభీర్యమే గడి లోపాన్ని కప్పిపెట్టడానికి పనికొచ్చిందని వారు గమనించాలి. 'పట్టాదారుల పట్టిక' అని పేరు పెట్టి వుంటే, "మరి కౌలుదార్ల పట్టిక యేదీ?" అని మొదటిరోజే యెవడో వొకడు అడిగేవాడు. 'ధరణి'ని అలా అడగడం కష్టం. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో 'భూభారతి' వచ్చింది. దేవత మారింది, అలంకారం మాత్రం అదే.

2011లో వచ్చిన 'మీసేవ' సంగతి యింకా తమాషా. కర్తరి షష్ఠి, కర్మణి షష్ఠి అని సంస్కృత వ్యాకరణంలో వొక భేదం వుంది. 'మీసేవ' అంటే మీకు చేసే సేవా, మీరు చేసే సేవా? పేరు పెట్టినవారి ఉద్దేశం మొదటిది. కులధ్రువీకరణ పత్రం కోసం నాలుగుసార్లు తిరిగినవారికి బోధపడిన అర్థం రెండోది. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాట్సాప్ ద్వారా సేవలందించే యేర్పాటు చేసి దానికి 'మన మిత్ర' అని పేరు పెట్టింది. మొదటిసారిగా 'మన' వచ్చిందని సంతోషించాను. ఆ వాట్సాప్ కాలిఫోర్నియాలోని మెటా కంపెనీదన్న విషయం గుర్తుకువచ్చాక ఆ 'మన'లో యెవరెవరు చేరారో లెక్కపెట్టడం మానుకున్నాను.

కేంద్రప్రభుత్వం పేర్లది మరో జాతి. వీటిలో ముందు వొక సంస్కృత పదమో హిందీ పదమో యెంచుకుంటారు. తర్వాత దాని కడుపులో ఇంగ్లీషు మాటలు కూరుతారు. 'స్వయం' అన్నది 'స్టడీ వెబ్స్ ఆఫ్ యాక్టివ్ లెర్నింగ్ ఫర్ యంగ్ యాస్పైరింగ్ మైండ్స్' అట. 'ఉమంగ్' లోపల 'యూనిఫైడ్ మొబైల్ అప్లికేషన్ ఫర్ న్యూ ఏజ్ గవర్నెన్స్' వుంది. ఉపాధ్యాయుల కోసం పెట్టిన దానికి 'దీక్ష' అన్నారు. గురువు చెవిలో వూదితే శిష్యుడు పుచ్చుకునేది దీక్ష. ప్రశ్న అడిగే చోటు అందులో లేదు. పైకి సనాతనం, లోపల మేనేజిమెంటు కళాశాల. మన పాలకవర్గపు సంస్కృతికి యింత కచ్చితమైన ప్రతిబింబం సాహిత్యంలో కూడా నాకు దొరకలేదు. తెలుగు విద్యార్థికి మాత్రం పై తొడుగూ తెలియదు, లోపలి గుజ్జూ తెలియదు. అక్షరాల్ని బట్టీపట్టి లాగిన్ అవుతాడు.

యిదంతా విని, "ఇంగ్లీషువాళ్ళు నయం, సూటిగా పెడతారు" అనే మిత్రులున్నారు. వారు కూడా కొంచెం ఆగాలి.

బెల్ లాబొరేటరీస్‌లో 1970ల తొలినాళ్ళలో 'గ్రెప్' అనే పనిముట్టు పుట్టింది. రాతలో కావలసిన మాట వున్న పంక్తుల్ని వెతికి తీసిచ్చేది అది. అంతకుముందు 'ఈడీ' అనే ఎడిటర్‌లో అదే పని చేయడానికి కొట్టే ఆజ్ఞలోని అక్షరాలే దాని పేరయ్యాయి. జీ అంటే గ్లోబల్, ఆర్ఈ అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, పీ అంటే ప్రింట్. చెవికి గాజుపెంకులా గుచ్చుకుంటుంది, నిజమే. ఐనా నేను దీన్ని నిజాయితీ గల పేరంటాను. చేతి అలవాటులోంచి పుట్టింది గనుక. 'ఆక్' కూడా అంతే: అహో, వైన్‌బర్గర్, కెర్నిహాన్ అనే ముగ్గురు తాము చేసిన వస్తువు మీద తమ ఇంటిపేర్ల మొదటి అక్షరాలు చెక్కుకున్నారు. కంసాలి తన ముద్ర వేసుకున్నట్లు. చేసినవాడి ముద్రకూ డబ్బిచ్చినవాడి ముద్రకూ తేడా వుంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

'జావాస్క్రిప్టు' మాత్రం వేరు. 1995లో నెట్‌స్కేప్ కంపెనీవారు చేయించిన భాష యిది. మొదట 'మోకా' అన్నారు, తర్వాత 'లైవ్‌స్క్రిప్టు' అన్నారు. అప్పుడే సన్ కంపెనీవారి 'జావా' బజారులో మోగిపోతోంది. డిసెంబరులో రెండు కంపెనీలూ చేయికలిపి దీన్ని 'జావాస్క్రిప్టు' చేశాయి. జావాకూ దీనికీ పునాదిలో సంబంధం లేదు. ప్రకటన కోసం పెట్టిన పేరు యిది. దాని జరిమానా యిప్పటికీ విద్యార్థి కడుతున్నాడు: వొకటి నేర్చుకుంటే రెండోది వచ్చేసినట్టేనని తొలియేడు కుర్రవాడు నమ్ముతాడు. సరే, అంతటితో ఐపోలేదు. ఆ పేరు ట్రేడ్‌మార్కు కావడం వల్ల 1997లో భాషకు ప్రమాణపత్రం రాసినవారు ఆ పేరు వాడుకోలేక 'ఎక్మాస్క్రిప్టు' అని మరోటి పుట్టించారు. 2010లో ఒరాకిల్ కంపెనీ సన్‌ను కొన్నప్పుడు పేరు కూడా దాని చేతికి పోయింది. లక్షలమంది నోట నానే వొక మాట, దాన్ని కనిపెట్టని కంపెనీ ఆస్తి! పేరు ఉపరితలమని అన్న మిత్రులు ఆస్తి సంబంధాలు యే అంతస్తులో వుంటాయో చెప్పాలి.

పైథాన్ అంటే కొండచిలువని మా విద్యార్థులు అనుకుంటారు. దాని బొమ్మలో కూడా పాములే వున్నాయి. నిజానికి అది బ్రిటిష్ టెలివిజన్‌లో వచ్చిన 'మాంటీ పైథాన్' అనే హాస్య కార్యక్రమం పేరు. 'గిట్' అన్నది బ్రిటిష్ వాడుకలో వొక తిట్టు. వొక క్లబ్బులో కూర్చున్నవారు తమలోతాము నవ్వుకున్న నవ్వులివి. నవ్వవద్దని నేననను. కాని ఆ నవ్వు అర్థంకాని పిల్లవాడికి అది మంత్రం. మంత్రాన్ని ప్రశ్నించరు, ఉచ్చరిస్తారు.

వీటికంటే బాధ కలిగించేవి కొన్ని వున్నాయి. 1966లో ఎంఐటీలో వైజెన్‌బామ్ అనే ఆచార్యుడు మనిషితో సంభాషించే ప్రోగ్రాం వొకటి తయారుచేసి 'ఎలైజా' అని పేరు పెట్టాడు. బెర్నార్డ్ షా 'పిగ్మేలియన్' నాటకంలో దొరల ఉచ్చారణ నేర్పబడే పూలమ్మి పేరది. అప్పటినుంచి పిలిస్తే పలికే యంత్రాలకు ఆడపేరూ ఆడగొంతూ పెట్టడం రివాజైంది. 2014లో అమెజాన్ 'అలెక్సా' దాకా. 2019లో యునెస్కో దీనిమీద వొక నివేదిక రాయవలసివచ్చింది. రెండు యంత్రాల్లో వొకటి చెప్పినట్టు మరొకటి చేస్తే 'మాస్టర్, స్లేవ్' అని చాలా యేళ్ళు రాశారు. చరిత్ర పీరియడ్‌లో వెట్టిచాకిరి గురించి విని కంటతడి పెట్టుకున్న విద్యార్థి తర్వాతి పీరియడ్‌లో ఆ మాటల్ని రికార్డు పుస్తకంలో యెక్కించేవాడు. 2020లో మైఎస్‌క్యూఎల్ వాళ్ళు వాటిని మార్చారు; అదే యేడు గిట్‌హబ్ తన 'మాస్టర్'ను 'మెయిన్' చేసింది. "వొకసారి పెట్టాక మారదు" అనే నిరాశావాదులకు మరో సమాధానం: 'కాక్' అనే ఫ్రెంచి పనిముట్టు పేరు ఇంగ్లీషు చెవికి బూతుగా వినిపించేది. దశాబ్దాల తర్వాత 2025లో దాన్ని 'రాక్' అని మార్చుకున్నారు. ప్రపంచమేమీ తలకిందులు కాలేదు.

యిక మన తెలుగు దగ్గరికి వద్దాం. పనిముట్లకు పేర్లు పెట్టడం మనకు రాదా? 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశపు మొదటి సంపుటం అచ్చువేసింది. అది వ్యవసాయ పదాలది. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. ఎం.ఏ. చదివేరోజుల్లో నేను వాటిని పరీక్షకోసం తెరిచాను. కోర్సు పూర్తయినా మూయలేకపోయాను. మేడి, కర్రు, నొగ, గొర్రు, గుంటక. నాడె, కండె, అచ్చు. యే పండిత పరిషత్తూ కూర్చుని వీటిని నిర్ణయించలేదు. వంటింట్లోకి వెళ్ళినా అంతే. దువ్వేది దువ్వెన, జల్లించేది జల్లెడ, వూదే గొట్టం వూదుగొట్టం. కొత్త వస్తువు వచ్చినప్పుడు కూడా జనం గాభరాపడలేదు. 'కుట్టు'కు 'మిషను' తగిలించి కుట్టుమిషను అన్నారు. పిండి ఆడేది పిండిమర, కరెంటుతో నేసేది మరమగ్గం. పండితులు 'ధూమశకటం' అని తంటాలు పడుతుండగా జనం రైలుబండి యెక్కి వెళ్ళిపోయారు. 'వాయులీనం' సభల్లో వుంది, ఫిడేలు వాయించేవాడి చేతిలో వుంది.

మన అక్షరాల గుర్తుల్ని చూడండి. తలకట్టు, గుడి, కొమ్ము, సుడి. ఆకారాన్ని కంటితో చూసి బడిపిల్లవాడికి అర్థమయ్యేలా పెట్టిన పేర్లు. వేల సంవత్సరాల వ్యాకరణశాస్త్రం పక్కనే వున్నా బళ్ళో నిలిచినవి యివే.

సంస్కృతమంటే నాకు ద్వేషమని కొందరు పుకారు పుట్టిస్తారు గనుక చెబుతున్నాను: 'లేఖిని' అనే పనిముట్టు వుంది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు అక్షరాలు చేసి యిస్తుంది. సంస్కృతపదమే. కాని లేఖిని అంటే కలమని చదువుకున్నవాడికి తెలుసు, ఆ పరికరం చేసేది కలం చేసే పనే. మంచి పేరు. అలాగే 'స్వేచ్ఛ' అనే సాఫ్ట్‌వేర్ ఉద్యమం. ఇంగ్లీషులో 'ఫ్రీ సాఫ్ట్‌వేర్' అంటే ఉచితమా, స్వతంత్రమా అని స్టాల్‌మన్ 1980ల నుంచి వివరణ యిస్తూనే వున్నాడు. తెలుగులో ఆ రెంటికీ రెండు మాటలున్నాయి. సరైనదాన్ని యెంచుకున్నందువల్ల వివరణ అక్కర్లేకపోయింది. పదం యే భాషలో పుట్టిందన్నది రెండో ప్రశ్న. పని చెబుతుందా లేదా అన్నది మొదటిది.

యిప్పుడు అసలు తగాదా. మా కళాశాలలో కంప్యూటర్ విద్యార్థులు, తెలుగు విద్యార్థులు కలిసి వొక పనిముట్టు తయారుచేశారు. పాత పత్రికల పుటల్ని ఫొటోతీసి యంత్రంతో చదివిస్తే వచ్చే పాఠం తప్పులకుప్పగా వుంటుంది. 'వ' 'ప' అవుతుంది, 'మ' 'వు' అవుతుంది, వొత్తులు యెగిరిపోతాయి. వీళ్ళ పనిముట్టు ఆ పాఠాన్ని తీసుకుని, నిఘంటువుతోనూ సంధి, విభక్తి సూత్రాలతోనూ పోల్చి, నికరమైన మాటల్ని వొక పక్కకూ అనుమానపు మాటల్ని మరో పక్కకూ వేరుచేస్తుంది. దీనికి నేను ప్రతిపాదించిన పేరు 'తూర్పార'.

కళ్ళంలో యెత్తుపీట మీద నిలబడి చేటతో ధాన్యాన్ని గాలికి వదిలితే గింజ కాళ్ళదగ్గర రాలుతుంది, పొల్లు యెగిరి దూరాన పడుతుంది. ఆ పనిని తూర్పారపట్టడం అంటాం. రచనలోని పొల్లును యెగరగొట్టే విమర్శను కూడా తూర్పారపట్టడమనే అంటాం. పనిముట్టు చేసేది సరిగ్గా అదే. 'తూర్పారపట్టు' అని క్రియ కూడా సిద్ధంగా వుంది. నామవాచకం చేతికిచ్చి క్రియ కోసం 'చేయు' తగిలించుకోమనడం మన సాంకేతిక పదాలకు పట్టిన పెద్ద జబ్బు.

దీనికి మూడు వైపులనుంచి ప్రతిఘటన వచ్చింది. వొక పెద్ద ఆచార్యుడు 'శబ్దశోధిని' అన్నారు; కళ్ళం భాష పరిశోధనకు మర్యాద కాదన్నారు. వారికి వొక్క మాట. అచ్చు లేని హల్లును మన వ్యాకరణంలో యేమంటారు? పొల్లు. నకారపు పొల్లు అని వారు నలభై యేళ్ళుగా పాఠం చెబుతున్నారు. గింజలేని ధాన్యం పేరు అది. శాస్త్రం కళ్ళంలోకి వెళ్ళి మాట తెచ్చుకున్నప్పుడు పోని మర్యాద యిప్పుడు పోతుందా?

రెండో వర్గం కుర్రవాళ్ళది: పేరు చివర 'ఏఐ' వుండాలన్నారు. అది లేకపోతే యెవరూ చూడరట. ఆ పనిముట్టులో వున్నది నిఘంటువూ సూత్రాలూను. లేనిదాన్ని వుందని పేరులో రాస్తే అది జావాస్క్రిప్టు బాటే. వారి మరో రెండు అభ్యంతరాలు మాత్రం గట్టివి. ఆజ్ఞను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. అక్కడ 'త'కూ 'ట'కూ తేడా వుండదు, దీర్ఘాలు పోతాయి. 'చేట' అని పెడితే ఇంగ్లీషువాడు మోసగాడని చదువుతాడు. నేనొప్పుకున్నాను, నాకూ మొదట చేట అనే వుండేది, యీ కారణంగానే అది పోయింది. 'తూర్పార' ఇంగ్లీషు అక్షరాల్లోకి దిగినా నలగదు, మరో మాటతో కలవదు. రెండోది: వెతికితే పనిముట్టు కనిపించదు, ప్రతిపక్షం ప్రభుత్వాన్ని తూర్పారబట్టిన వార్తలే వస్తాయి. నిజమే, కొన్నాళ్ళు వస్తాయి. యెవరికీ తెలియని మాటను పుట్టిస్తే వెంటనే దొరుకుతుంది. కాని దాన్ని గుర్తుంచుకుని వెతికేదెవరు?

మూడో వర్గంతోనే చిక్కు. సర్వరుకు మూడేళ్ళ ఖర్చు భరించడానికి వొక సంస్థ ముందుకు వచ్చింది. షరతు వొకటే: పనిముట్టుకు సంస్థాపకుడి తండ్రిగారి పేరు. "పేరే గదా, పని మనది" అని కొందరు విద్యార్థులే అంటున్నారు. వారిని నిందించలేను, ఖర్చు వారి జేబుల్లోంచి పోతోంది. కాని బస్‌షెల్టరుకు, కళ్యాణమండపానికి దాత పేరు పెట్టినట్లు యిక్కడ కుదరదు. షెల్టరు పేరు చదవకుండా దాని కింద నిలబడవచ్చు. పనిముట్టు పేరును మాత్రం వాడిన ప్రతిసారీ చేత్తో కొట్టాలి. రోజుకు వందసార్లు వొక అపరిచితుడి తండ్రికి నమస్కారం పెట్టించడం వెట్టి కాకపోతే యేమిటి? గిడుగు పేరుతో, గురజాడ పేరుతో తెలుగు ఖతులున్నాయి. వారు భాషకు చేసిన పని వుంది. ఎన్టీఆర్ పేరుతో కూడా వొక ఖతి వుంది. ఆ పేరు అక్షరాల వంపు గురించి యేం చెబుతుందో నాకు తెలియలేదు. దాత పేరు కృతజ్ఞతల పుటలో పెద్దక్షరాలతో వేస్తామని రాసి పంపాం. అక్కర్లేదంటే సర్వరు లేకుండానే, యెవరి యంత్రంలో వారు దింపుకుని నడుపుకునేలా యిస్తాం. నెమ్మదిగా నడుస్తుంది, కాని నడుస్తుంది. విద్యార్థులు ఆ పని మొదలుపెట్టారు కూడా.

యిక మిగిలింది చిన్న పేచీ. పనిముట్టు రెండు ఫైళ్ళు యిస్తుంది. వొకదాని పేరు 'గింజ', రెండోదాని పేరు 'పొల్లు'. ఆ రెంటి నడుమ, యంత్రం తేల్చుకోలేని మాటలు మూడో ఫైలులోకి పోతాయి. మాండలిక పదాలూ పాత వర్ణక్రమాలూ అందులోనే పడతాయి గనుక నా దృష్టిలో అదే విలువైనది. వ్యవసాయ కుటుంబంనుంచి వచ్చిన వొక విద్యార్థిని దానికి 'తప్ప' అంది. సగం పాలుపోసుకుని ఆగిపోయిన గింజను వాళ్ళ వూళ్ళో అలా అంటారట. 'తప్పు' అని చదువుకుంటారేమోనని మిగతావారి భయం. అలా చదివితే మాండలికమంతా తప్పుల ఖాతాలో జమ అవుతుంది. మనం యెవరితో పోట్లాడుతున్నామో వాళ్ళే గెలిచినట్టు. పూర్తి గింజా కాని, పూర్తి పొల్లూ కాని దాన్ని శ్రీకాకుళంలో, పాలమూరులో, అనంతపురంలో యేమంటారో తెలిసిన పాఠకులు వచ్చే సంచికలోగా యీ పత్రిక చిరునామాకు రాసి పంపాలని కోరుతున్నాను.